అరువు గొంతుతో తెలుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

టైపు చేసిన తెలుగును ఫోనో కంప్యూటరో పైకి చదివి వినిపించే ఏర్పాటే టెక్స్ట్ టు స్పీచ్. పొట్టిగా టీటీఎస్. ఆన్‌లైన్‌లో దొరికే ఈ టూళ్లను ప్రయత్నించి చూసిన విశాఖ పాఠకుల సందేహాలకు ఈ నెల జవాబులు.

మా దగ్గర అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాల ఫైళ్లు చాలా ఉన్నాయి. ఒక పేజీ కాపీ చేసి టీటీఎస్‌లో పెడితే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగలిపి ఏదేదో చదువుతోంది. తెలుగు గొంతునే ఎంచుకున్నాను. లోపం ఎక్కడ సార్?
*డీటీపీ ఆపరేటర్, డాబాగార్డెన్స్*

టూలులో లోపం లేదు, ఫైలులో ఉంది. అను లాంటి పాత ఫాంట్లలో తెర మీద మీకు కనిపించేది తెలుగు బొమ్మ. ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే; ఫాంటు వాటికి తెలుగు ముసుగు తొడుగుతుంది. టీటీఎస్‌కి ఫాంటుతో పనిలేదు కాబట్టి ముసుగు కింద ఉన్నదాన్నే చదువుతుంది. అనుమానం తీరాలంటే ఆ పేజీని నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేయండి. గజిబిజి గుర్తులు కనిపిస్తే పాత ఫాంటు, తెలుగే కనిపిస్తే యూనికోడ్, అంటే ప్రతి తెలుగు గుర్తుకూ సొంత సంకేతం ఉన్న ఇప్పటి పద్ధతి.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు మీ వృత్తిలో అందరికీ తెలిసినవే. అసలు పని మార్చాక మొదలవుతుంది. మూడు చోట్ల చూడండి.

మొదటిది సున్న. ‘పుస్తకం’లోని సున్న ఒక గుర్తు, తెలుగు అంకె ‘౦’ వేరే గుర్తు, ఇంగ్లిషు సున్నా ఇంకొకటి. కంటికి మూడూ కవలల్లా ఉంటాయి, కంప్యూటరుకు మాత్రం మూడూ పరాయివి. పాత టైపింగుల్లో, స్కాన్ చేసి తీసిన పాఠాల్లో ‘పుస్తక౦’ అని అంకె పడిపోవడం మామూలే. మన కన్ను పట్టుకోలేదు గానీ యంత్రం ‘పుస్తక సున్నా’ అని చదివేస్తుంది, లేదా సున్నను మింగేస్తుంది. ఇప్పటి పుస్తకాల్లో తెలుగు అంకెలు దాదాపు వాడరు గనుక ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ‘౦’ అంకెలన్నిటినీ ఒకేసారి సున్నగా మార్చేయొచ్చు. పంచాంగాలకూ పాత కావ్యాలకూ ఈ పని చేయకండి, పద్య సంఖ్యలు పాడవుతాయి.

రెండోది విసర్గ. ‘దుఃఖం’లో విసర్గకు బదులు కోలన్ పెట్టి ఉంటే గొంతు ‘దు’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని ‘ఖం’ అంటుంది.

మూడోది లైను చివర. పేజీలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ నుంచి వచ్చిన పాఠంలో ప్రతి లైను చివరా ఎంటర్ ఉండిపోతుంది. చాలా టూళ్లకు ఎంటర్ అంటే వాక్యం అయిపోయినట్టే. వర్డ్‌లో ముందుగా వరసగా రెండు పేరా గుర్తులున్న చోట్ల, పాఠంలో ఎక్కడా రాని ఒక గుర్తు, ఉదాహరణకు రెండు నక్షత్రాలు, పెట్టండి. తర్వాత మిగిలిన ఒంటి పేరా గుర్తులన్నిటినీ ఖాళీలుగా మార్చండి. చివరికి నక్షత్రాల చోట పేరా గుర్తులు తిరిగి పెట్టండి. ఈ వరస తప్పితే పుస్తకమంతా ఒకే పేరా అయి కూర్చుంటుంది.

సైట్లలో వినిపించే నమూనా గొంతులన్నీ బ్రహ్మాండంగా ఉంటున్నాయి. నా పాఠం పెడితే తేలిపోతున్నాయి. ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?
*చదువు వీడియోలు చేసే పాఠకురాలు, ఎంవీపీ కాలనీ*

నమూనాకు వాళ్లు నున్నటి వాక్యాలు ఏరుకుంటారు. మీరు గతుకుల రోడ్డు మీద నడిపి చూడాలి. ఈ కింది పేరాను యథాతథంగా పెట్టి వినండి:

‘డా. గారు 12/8న ఉ. 10.30 గం.లకు కేజీహెచ్ దగ్గర దిగి, రూ. 1,250 పెట్టి మందులు కొన్నారు. 900కె బస్సు ఇంకా రాలేదు. జడ వేసుకున్న పిల్ల జనంలో తప్పిపోయింది. చాప మీద చక్రం ముగ్గు ఉంది. విజ్ఞానం, బ్రహ్మ, దుఃఖం, సింహాచలం. వాడు నిన్న వచ్చాడు. ఒక్కడే వచ్చాడు?’

‘డా.’, ‘ఉ.’, ‘గం.’, ‘రూ.’ అన్న పొట్టి రాతల్లోని చుక్కను వాక్యం చివరగా తీసుకునే గొంతు ప్రతిచోటా ఆగిపోతుంది. 12/8ని ‘పన్నెండు బై ఎనిమిది’ అనొచ్చు, 10.30ని ‘పది పాయింట్ మూడు సున్నా’ అనొచ్చు. 1,250లో కామా దగ్గర విరిచి ‘ఒకటి, రెండు వందల యాభై’ అనే గొంతులూ ఉంటాయి. వీటన్నిటికీ మందు ఒకటే: అంకెలూ పొట్టి రాతలూ మానేసి, నోటితో ఎలా అంటామో అలాగే రాయడం. ‘డాక్టరుగారు ఆగస్టు పన్నెండున, ఉదయం పదిన్నరకు’ అని రాస్తే ఏ గొంతూ తప్పు చదవదు. కేజీహెచ్, ఎన్ఏడీ, జీవీఎంసీ లాంటి పేర్లను తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లిషు లిపిలో ఉంటే కొన్ని టూళ్లు ఎన్ఏడీ కొత్తరోడ్డును ‘నాడ్’ కొత్తరోడ్డు చేసేస్తాయి.

జడ, జనం, చాప, చక్రం. ఇది తెలుగులో ఉన్న చిక్కు. జడలో జ దంత్యం, అంటే నాలుక పళ్ల దగ్గర పలికేది; జనంలో జ తాలవ్యం, అంగిలి దగ్గర పలికేది; చాపలో, చక్రంలో చకారాలకూ అదే తేడా. రాతలో తేడా లేదు, మాటలో ఉంది. ఏది ఎక్కడో పదాన్ని ఎరిగినవాళ్లకే తెలుస్తుంది కాబట్టి, తెలుగు బాగా విని నేర్చుకున్న గొంతు ఏదో ఇక్కడే బయటపడుతుంది. దంత్యాలకు ౘ, ౙ అని యూనికోడ్‌లో వేరే అక్షరాలున్నాయి. ఒక పదంలో పెట్టి చూడండి. గొంతు వాటిని వదిలేసినా తడబడినా వెంటనే తీసెయ్యండి.

‘విజ్ఞానం’ని ‘విగ్నానం’కి దగ్గరగా, ‘బ్రహ్మ’ను ‘బ్రమ్హ’లా పలకాలి. అక్షరం అక్షరం విడగొట్టి ‘విజ్-ఞానం’ అంటే అది తెలుగువాళ్ల నోట పుట్టని గొంతు. ‘వచ్చాడు’లో మన నోట పలికేది నిండు ఆకారం కాదు, ఆ-కీ ఏ-కీ మధ్యది. చాలా గొంతులు రాసినట్టే ‘చా’ అని సాగదీస్తాయి. వార్తలకు చెల్లుతుంది, కథకు ఎబ్బెట్టు. ఇక చివరి వాక్యం. తెలుగులో ప్రశ్న సాధారణంగా ‘వచ్చాడా’ అని చివరి అచ్చులోనే ఉంటుంది కాబట్టి గొంతు చప్పగా ఉన్నా గట్టెక్కుతుంది. ‘ఒక్కడే వచ్చాడు?’లో ప్రశ్న అంతా రాగంలోనే ఉంది. అక్కడ గొంతు లేస్తే మంచి మార్కులు వేయొచ్చు.

డబ్బు పెట్టకుండా వినాలంటే మూడు దార్లు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజరులో తెలుగు పేజీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కితే చదవడం మొదలుపెడుతుంది. పైన వచ్చే పట్టీలోని వాయిస్ ఆప్షన్స్‌లో శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులున్నాయి. నెట్ ఉండాలి, ఫైలుగా దించుకునే బటను మాత్రం ఉండదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పీకరు బొమ్మ నొక్కడం రెండో దారి. రెండోసారి నొక్కితే నెమ్మదిగా చదువుతుంది. మూడోది మీ ఆండ్రాయిడ్ ఫోనే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ టు స్పీచ్ అవుట్‌పుట్, అక్కడ గేర్ బొమ్మ, ఇన్‌స్టాల్ వాయిస్ డేటా, తెలుగు. ఇది దించుకున్నాక నెట్ లేకపోయినా పలుకుతుంది.

చివరి పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. పాఠం చూడని మనిషికి ఫోను స్పీకరులో వినిపించి, పేర్లూ అంకెలూ డిక్టేషన్‌లా రాయమనండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పాఠం ముందేసుకుని వింటే మీ చెవి తప్పులను దానంతటదే దిద్దేసుకుంటుంది.

ట్రాలీ ఆటోలో కూరగాయలు అమ్ముతాను. రోజూ మైకులో అరిచీ అరిచీ గొంతు పోతోంది. ఫోనులో టీటీఎస్‌తో చేసి పెన్‌డ్రైవులో ఎక్కించాను. ఇంట్లో బాగానే వినిపించింది, మైకులో ముద్దముద్దగా ఉంది. ఏం చేయాలి?
*వ్యాపారి, గాజువాక*

మీ ఆటో మీది హారన్ మైకు కింది స్థాయి గంభీరాన్నీ పలకదు, పై స్థాయి సన్నదనాన్నీ పలకదు. మధ్య స్వరాలనే గట్టిగా తోస్తుంది. అందుకే మెత్తటి గంభీరమైన గొంతు అందులో ముద్దవుతుంది. కాస్త పదునుగా ఉండే గొంతు ఎంచుకోండి, ఆడగొంతు అయితే ఇంకా నయం. వేగం 85 నుంచి 90 శాతానికి తగ్గించండి. వెనక సంగీతం అసలొద్దు.

తర్వాత ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి మూడు పనులు చేయాలి. హై పాస్ ఫిల్టర్ 300 హెర్ట్‌జ్ దగ్గర పెడితే మైకు పలకలేని అడుగు స్వరాలు పోతాయి. కంప్రెసర్ వేస్తే చిన్న మాటలూ పెద్ద మాటలూ ఒక మట్టానికి వస్తాయి. ఎగుమతి చేసేటప్పుడు ఎంపీ3, 44,100 హెర్ట్‌జ్, 128 కేబీపీఎస్, కాన్‌స్టంట్ అని పెట్టండి. టీటీఎస్ ఫైళ్లు చాలావరకు 24,000 హెర్ట్‌జ్‌లో వస్తాయి. చవక ప్లేయర్లు కొన్ని వాటిని పలకవు, లేదా తప్పు వేగంతో పలికిస్తాయి. పెన్‌డ్రైవు ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైళ్ల పేర్లు 001, 002 అని పెట్టండి. తెలుగు పేర్లు పెడితే వరస తప్పొచ్చు.

ఇప్పుడు మాటల సంగతి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఆటో 10 సెకన్లలో దాదాపు 28 మీటర్లు దాటిపోతుంది. మూడో అంతస్తులో ఉన్నావిడ చెవిన పడేది ఆ పది సెకన్లే. ‘మా వద్ద తాజా కూరగాయలు సరసమైన ధరలకు లభించును’ అని మొదలుపెడితే ధర వచ్చేసరికి మీరు వీధి చివర ఉంటారు. సరుకు ముందు, ధర తర్వాత, మళ్లీ సరుకు: ‘ఉల్లిపాయలు! ఉల్లిపాయలు! మూడు కిలోలు, వంద. ఉల్లిపాయలు!’ ‘మూడు కిలోలు’ తర్వాతి కామా తీసేస్తే ‘మూడు కిలోలువంద’ అని అంటుకుపోతుంది.

సరుకు పేర్లు ఒక్కొక్కటీ ఒక ఫైలు, ధరలు ఒక్కొక్కటీ ఒక ఫైలు చేసుకుంటే రోజూ మారేది ధర ఫైలొక్కటే. రైల్వే స్టేషన్లో వినిపించే ‘ఒకటి రెండు ఏడు రెండు ఏడు, గోదావరి ఎక్స్‌ప్రెస్’ పద్ధతీ ఇదే. ముందే రికార్డు చేసిన ముక్కలను రైలును బట్టి అతికిస్తారు. అన్ని ముక్కలూ ఒకే గొంతుతో, ఒకే వేగంతో చేయండి. లేదంటే మాట మాటకీ మనిషి మారినట్టుంటుంది.

ధ్వని కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదు, మిగతా వేళల్లోనూ అనుమతి తీసుకోవాలి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు.

టీటీఎస్ టూలులో ఒక్క విడతకు 5,000 అక్షరాల వరకే అనుమతి అన్నారు. నా కథ 2,000 అక్షరాలు కూడా లేదు, అయినా హద్దు దాటిందని తిప్పికొడుతోంది. లెక్క ఎక్కడ తప్పింది?
*కథలు రాసే పాఠకురాలు, మధురవాడ*

మీరు లెక్కపెట్టిన అక్షరం వేరు, యంత్రం లెక్కపెట్టేది వేరు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: మొత్తం ఆరు గుర్తులు. పైగా గూగుల్ క్లౌడ్ లాంటి చోట ఆ 5,000 హద్దు అక్షరాలకు కాదు, బైట్లకు, అంటే కంప్యూటరులో అవి పట్టే చోటుకు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు. అంటే ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు తింటుంది. ‘విశాఖపట్నం’ మన లెక్కలో ఐదక్షరాలు, గుర్తులు పది, బైట్లు ముప్ఫై. 5,000ని మూడుతో భాగిస్తే 1,666 గుర్తులు. కథ పేజీ, పేజీన్నర దాటదు.

కాబట్టి 1,500 గుర్తులకు మించకుండా ముక్కలు చేసుకోండి. వర్డ్‌లో వర్డ్ కౌంట్ పెట్టె తెరిస్తే ఖాళీలతో సహా ఎన్ని గుర్తులో చెబుతుంది. ఎప్పుడూ పేరా చివరే కోయండి. వాక్యం మధ్యలో కోస్తే మొదటి ముక్క చివర గొంతు దిగిపోతుంది, రెండో ముక్క కొత్త ఉత్సాహంతో లేస్తుంది. అతికినచోటు చెవికి గుచ్చుకుంటుంది. ముక్కల మధ్య అర సెకను, అధ్యాయాల మధ్య రెండు సెకన్ల మౌనం ఉంచండి. ఒకే వాక్యాన్ని రెండోసారి చదివిస్తే కొన్ని కొత్తతరం గొంతులు వేరే రాగంలో చదువుతాయి, అందుకని బాగా వచ్చిన ముక్కను వెంటనే దాచుకోండి.

అతుకులన్నీ శబ్దాన్ని కుదించని వేవ్ ఫైళ్లతో చేసి, చివర ఒక్కసారే ఎంపీ3గా మార్చండి. 24,000 హెర్ట్‌జ్, 16 బిట్, మోనో వేవ్ అయితే నిమిషానికి 2.88 ఎంబీ. 64 కేబీపీఎస్ ఎంపీ3 అయితే గంటకే 29 ఎంబీ లోపు.

మా క్లినిక్ ఫోనులో ‘ఫలానా విభాగానికి ఒకటి నొక్కండి’ అని టీటీఎస్‌తో పెట్టాం. అవతలివాళ్లకు అంకెలు సరిగా తెలియడం లేదంటున్నారు.
*నిర్వాహకుడు, ద్వారకానగర్*

మామూలు ఫోను లైను దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ వరకే మోస్తుంది. ఏడు, మూడు లాంటివి ఒకదానికొకటి దగ్గరగా వినిపిస్తాయి, స-శ-ష తేడా చెరిగిపోతుంది. మెనూను నాలుగు అంకెల్లోపు ముగించండి. పని ముందు చెప్పి అంకె తర్వాత చెప్పండి: ‘ఎముకల డాక్టరు కోసం, రెండు.’ వేవ్ నుంచి నేరుగా 8,000 హెర్ట్‌జ్, మోనో, 16 బిట్‌కి మార్చండి. మధ్యలో ఎంపీ3 చేసి మళ్లీ మార్చారంటే గరగర మిగులుతుంది.

మా ఉత్తరాంధ్ర యాసలో చిన్న హాస్య నాటికలు రాస్తాను. టీటీఎస్ మన యాస పలుకుతుందా?
*పాఠకుడు, పెందుర్తి*

మాటలు పలుకుతుంది, రాగం పలకదు. తెలుగు లిపి చాలావరకు పలికినట్టు రాసుకునేది కాబట్టి ‘ఏటి సేస్తన్నావు’ అని రాస్తే అలాగే చదువుతుంది. కానీ ఆ గొంతు నేర్చుకున్నది వార్తల ధోరణిలో చదివిన పాఠాల మీద. ‘ఏటి’ని వార్తలు చదివినట్టు పలికితే నవ్వు రాదు. పదాలు విడదీయడంలోనూ జాగ్రత్త. ‘ఎలిపోతన్నావేటి’ని ఒకే పదంగా ఉంచాలి. మధ్యలో ఖాళీ పడితే ‘ఎలిపో, తన్నావేటి’ అని వినిపించి తగువు మొదలవుతుంది.

దీనికి మెరుగైన దారి వాయిస్ ఛేంజర్. డైలాగు మీరే యాసతో చెప్పి రికార్డు చేస్తే, మీ రాగమూ విరుపూ అలాగే ఉంచి గొంతు రంగు మాత్రం మారుస్తుంది. నాటికలో నాలుగు పాత్రలున్నా ఒక్కరే చెప్పొచ్చు. వ్యాఖ్యానం వరకు టీటీఎస్‌కి వదిలేయండి. పద్యాల జోలికి మాత్రం తీసుకెళ్లొద్దు; పద్యం నడక దానికి తెలియదు, పాదం చివర కామా పెట్టినా వచనంలాగే చదువుతుంది.

పోయిన మా నాన్నగారి వాట్సాప్ వాయిస్ మెసేజీలు దాచుకున్నాం. ఆయన గొంతుతో అమ్మకు భాగవతం చదివించి వినిపించాలని ఉంది. కుదురుతుందా?
*పాఠకురాలు, భీమిలి*

కుదురుతుంది. ఎంత బాగా అన్నది మీ దగ్గరున్న శబ్దాన్ని బట్టి ఉంటుంది. ఒక్క మనిషే మాట్లాడిన, ఫ్యాను చప్పుడు, టీవీ, సముద్రపు గాలి లేని ముక్కలు ఏరి, కనీసం ఒకటి రెండు నిమిషాలు పోగుచేయండి. స్పీకరులో వినిపిస్తూ ఇంకో ఫోనుతో రికార్డు చేయొద్దు, అసలు ఫైళ్లనే షేర్ చేసి తీయండి. వాట్సాప్ శబ్దాన్ని ముందే బాగా కుదించేస్తుంది, నాయిస్ తీసే ఫిల్టరు మళ్లీ గట్టిగా వేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది.

ఇంగ్లిషు మీద పెరిగిన క్లోనింగ్ టూలయితే, అంటే గొంతును నకలు చేసే టూలయితే, గొంతు నాన్నగారిదే ఉంటుంది గానీ త, ద లు ట, డ లవుతాయి. ‘తండ్రి’ ‘టండ్రి’ అవుతుంది. తెలుగు ఉన్నదని రాసిన టూలులోనే, ముందు రెండు వాక్యాలు చేయించి మీరొక్కరే వినండి. అమ్మగారికి ముందే చెప్పి, ఆమె సరేనన్నాకే వినిపించండి. హఠాత్తుగా మాత్రం వద్దు.

ఊరూ పేరూ లేని సైట్లకు ఆ రికార్డింగులు ఎక్కించకండి. గొంతు తొలగించే వీలు ఉందో లేదో నిబంధనల్లో చూడండి. ఇదే విద్యతో మోసాలూ జరుగుతున్నాయి. కొత్త నంబరు నుంచి మనవాళ్ల గొంతు డబ్బు అడిగితే ఫోను పెట్టేసి, మన దగ్గరున్న పాత నంబరుకు మనమే చేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

చూపు లేని మా మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు. కంప్యూటరులో తెలుగు చదివించుకోవడానికి ఈ ఆన్‌లైన్ టూళ్లు సరిపోతాయా?
*పాఠకుడు, గోపాలపట్నం*

సరిపోవు. అతనికి కావలసింది తెర మీద ఉన్న మెనూ, బటను, అక్షరం అన్నీ చెప్పే స్క్రీన్ రీడర్. విండోస్‌కి ఎన్‌వీడీఏ ఉచితం. ఇన్‌స్టాల్ చేశాక ఇన్‌సర్ట్, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి అందులోనే ఉండే ఈస్పీక్ ఎన్‌జీ అనే టీటీఎస్‌ను ఎంచుకోండి. ఇన్‌సర్ట్, కంట్రోల్, వి నొక్కితే వచ్చే పెట్టెలో గొంతుగా తెలుగు పెట్టండి. నెట్ అక్కర్లేదు.

మొదట వినగానే మీకు ఆ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మార్చేద్దామని తొందరపడకండి. మనిషి గొంతును అనుకరించే న్యూరల్ గొంతు వాక్యమంతా తయారుచేసుకుని పలుకుతుంది, పైగా నెట్ మీద నడిచేదైతే మీట నొక్కాక క్షణం ఆలస్యం. ఈస్పీక్ మీట నొక్కీ నొక్కగానే పలుకుతుంది, ఎంత వేగం పెంచినా అక్షరాలు విరగవు. అలవాటైనవాళ్లు మనకు ఒక్క ముక్కా అర్థం కాని వేగంతో వింటారు. వేగం ఇంకా కావాలంటే అదే పెట్టెలో రేట్ బూస్ట్ టిక్కు పెట్టాలి. ఆపడానికి కంట్రోల్ ఒక్కటి నొక్కితే చాలు. పాఠ్యపుస్తకాలను తీరిగ్గా వినడానికి ఎడ్జ్ గొంతులు, పనికి ఈస్పీక్ అని రెండూ ఉంచుకోవచ్చు. అతని పుస్తకాలు స్కాన్ పీడీఎఫ్‌లయితే అవి బొమ్మలే, ఏ గొంతూ చదవలేదు. గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, కుడి క్లిక్‌తో గూగుల్ డాక్స్‌లో తెరిస్తే అక్షరాలుగా మారతాయి. మారాక, మొదటి జవాబులో చెప్పినట్టు, ముందుగా సున్నలు వెతకండి.